మీ ప్రశ్నలు, మా జవాబులు: గ్రౌస్ కొండల మంటలు, మన తునికాకు మంటలు

ప్రశ్న: మా తమ్ముడు అబర్డీన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఆగస్టులో ఒక ఎస్టేట్‌లో పక్షుల వేటకు బీటర్‌గా వెళ్లాడు. జెండా ఊపుతూ వరసగా నడిచి పక్షులను లేపడమే పని, రోజుకూలి ఇచ్చారట. వాడు పంపిన ఫొటోలో కొండంతా ఊదా పూలు, మధ్యమధ్యలో నల్లగా కాలిన పట్టీలు. నిప్పంటుకుందా అని అడిగితే, “కాదక్కా, గ్రౌస్ పక్షి కోసం వాళ్లే కాలుస్తారు” అన్నాడు. మా దగ్గర ఎవరైనా అడవికి నిప్పు పెడితే కేసు. అక్కడ పెద్దవాళ్లు కాలిస్తే అది పద్ధతా? వాడు అలా పనికి పోవడం మంచిదేనా? ఇంటికి తీసుకుపొమ్మని ఒక జత పక్షులు కూడా ఇచ్చారట, తినొచ్చా?
– ఒక టీచరమ్మ, సిరొంచ

జవాబు: మీ కోపం సగం న్యాయమే అమ్మా. మిగతా సగం సంగతి తేలాలంటే ముందు ఆ పక్షి ఏం తింటుందో చూడాలి.

రెడ్ గ్రౌస్ మన కౌజు కంటే బాగా పెద్దది, 600 నుంచి 700 గ్రాములు తూగుతుంది. ఒళ్లంతా ముదురు ఇటుక రంగు, చలికి కాలివేళ్ల దాకా ఈకలు, లేచేటప్పుడు “గోబ్యాక్, గోబ్యాక్” అన్నట్టు అరుస్తుంది. పిల్లలు మొదటి వారాల్లో పురుగులు తింటాయి గానీ ఎదిగిన పక్షి ఏడాది పొడుగునా దాదాపు ఒకే మొక్క మీద బతుకుతుంది. అదే మీ తమ్ముడి ఫొటోలోని ఊదా పూల పొద, హెదర్. లేత హెదర్ చిగురులో బలం ఉంటుంది, ముదిరితే కాడలు కట్టెల్లా అయిపోయి తినడానికి పనికిరావు. కానీ గూడు పెట్టుకోవడానికి, గద్ద కంట పడకుండా దాక్కోవడానికి ఆ ముదురు పొదలే కావాలి. అంటే లేతదీ ముదురుదీ పక్కపక్కనే ఉండాలన్నమాట. అందుకే ఎస్టేట్‌లో వేట పక్షుల్ని చూసుకునే కాపలాదార్లు, అంటే గేమ్‌కీపర్లు, 30 మీటర్లకు అటూ ఇటూ వెడల్పుతో పట్టీలు పట్టీలుగా కాలుస్తారు, ఒకసారి కాల్చిన చోటికి మళ్లీ పది నుంచి పాతికేళ్ల లోపు వస్తారు.

కాల్చే తీరు చూస్తే అది ఆషామాషీ పని కాదని తెలుస్తుంది. గాలి సన్నగా, ఒకే వైపు వీచే రోజు చూసుకుంటారు. నలుగురైదుగురు పొడుగు కర్రలకు రేకు పలకలు బిగించుకుని, నీళ్ల పంపు పెట్టుకుని మంటకు రెండు పక్కలా నడుస్తారు. పైన కొమ్మలు భగ్గున కాలి పోవాలి, కింద నాచు మాత్రం తడిగానే ఉండాలి, మంట పోయాక నేల మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. అలా కాలితేనే వేళ్లు చావకుండా మళ్లీ చిగురిస్తాయి. అది కూడా, ఇంగ్లండ్ కొండల మీద అయితే, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 లోపే, అంటే నేల తడిగా ఉండే చలికాలంలో, పక్షులు గూళ్లు పెట్టేలోపు ముగించాలి. ఈ తేదీల మాట గుర్తుంచుకోండి, కింద అంకీస పాఠకుడికి ఇచ్చిన జవాబులో మళ్లీ పని పడుతుంది.

ఇక మీ కోపంలో న్యాయమైన సగానికి వద్దాం. ఆ కొండల మీద చాలాచోట్ల హెదర్ కింద ఉండేది మామూలు మట్టి కాదు, పీట్. నీళ్లు నిలిచే చలి నేలలో నాచు చచ్చినా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటుంది, సుమారు ఏడాదికి ఒక మిల్లీమీటరు. మీటరు లోతు పీట్ అంటే వెయ్యేళ్ల కూడబెట్టు, ఆ కూడబెట్టులో ఉన్నది కార్బన్. హెదర్ బాగా రావాలని కాలువలు తవ్వి నీళ్లు తీసేసిన చోట, పదేపదే కాల్చిన చోట పీట్ ఎండుతుంది, ఎండిన పీట్‌కు నిప్పు తగిలితే లోపల్లోపలే రోజుల తరబడి రాజుకుంటూ పోతుంది. 2018లో మాంచెస్టర్ పక్కన శాడిల్‌వర్త్ మూర్ (మూర్ అంటే ఇలాంటి హెదర్ కొండ నేల) తగలబడితే సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ఎండుపొద పేరుకోకుండా ముందే కాలిస్తే ఇలాంటి పెద్ద మంటలు రావని ఎస్టేట్లు అంటాయి, కాల్వలు మూసి నేలను తడిపితే అసలు గొడవే ఉండదని అవతలివాళ్లు అంటారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది, కనీసం లోతైన పీట్ ఉన్న చోట. ప్రభుత్వాలు కూడా అటే కదిలాయి. రక్షిత ప్రాంతాల్లో 40 సెంటీమీటర్లు దాటిన పీట్ మీద అనుమతి లేకుండా కాల్చకూడదని ఇంగ్లండ్ 2021లో నిబంధన తెచ్చింది. గ్రౌస్ వేటకూ, హెదర్ కాల్చడానికీ లైసెన్సు ఉండాలని స్కాట్లాండ్ 2024లో చట్టం చేసింది. కాబట్టి పెద్దవాళ్లు ఇష్టమొచ్చినట్టు కాల్చుకునే రోజులు అక్కడా పోతున్నాయి.

ఆ కొండలు ఎందుకు అలా తయారయ్యాయో కూడా చెప్పాలి. 19వ శతాబ్దంలో రైళ్లు ఉత్తరాదికి వెళ్లాయి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి, విక్టోరియా రాణి కుటుంబం 1852లో స్కాట్లాండ్‌లో బల్మోరల్ కొనుక్కుంది, దాంతో డబ్బున్నవాళ్లకు ఆ కొండల మీద వేటాడటం గొప్ప అయిపోయింది. మాటుల్లో తుపాకులు పట్టుకుని నిలబడ్డవాళ్ల మీదికి బీటర్లు పక్షులను తోలడం అప్పుడే పెద్ద ఎత్తున మొదలైంది. సీజన్ ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10తో ముగుస్తుంది. 1915 ఆగస్టు 12న లాంకషైర్‌లోని ఒక మూర్‌లో ఎనిమిది మంది కలిసి ఒక్కరోజులో 2,929 గ్రౌస్‌లను కొట్టారు. మనవాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు, 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో వేటలో ఒక్కరోజే 4,273 పక్షులు నేలకూలాయి. ఇలా ఒక్క పక్షి కోసం, అదీ కొద్దిమంది కొన్నాళ్లు వేటాడుకోవడం కోసం, లక్షల ఎకరాల కొండను ఒకే తీరులో ఉంచడమే నాకు మింగుడుపడని విషయం. మీ తమ్ముడి పని సంగతి, జత పక్షుల సంగతి చివర్లో చెబుతాను.

ప్రశ్న: గ్రౌస్‌కు అంత గిరాకీ ఉంటే కోళ్లలాగా ఫారంలో పెంచి వదలొచ్చు కదా? కొండలు కాల్చడం దేనికి?
– రిటైర్డ్ కార్మికుడు, బల్లార్షా

జవాబు: ఫెజెంట్ అనే పక్షిని బ్రిటన్‌లో అలాగే చేస్తారు సార్, ఏటా కోట్లలో పెంచి వదులుతారు. గ్రౌస్ మాత్రం ఆ పద్ధతికి లొంగలేదు, అది అడవి పక్షిగానే పెరగాలి. అందుకే ఒక ఏడు పిల్లలు బాగా తేలకపోతే వేట రద్దే.

దీని వెనక ఒక పురుగు కథ ఉంది. గ్రౌస్ పేగుల్లో వెంట్రుకంత సన్నని పురుగు ఉంటుంది. దాని గుడ్లు రెట్టలో పడతాయి, పొదిగిన పిల్ల పురుగులు తడిగా ఉన్నప్పుడు హెదర్ చివళ్లకు ఎక్కుతాయి, పక్షి ఆ చివళ్లనే తింటుంది. పక్షులు ఎక్కువైనకొద్దీ పురుగులు పెరుగుతాయి, పురుగులు పెరిగాక పక్షులు చిక్కిపోయి గుడ్లు తక్కువ పెడతాయి, చస్తాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో నాలుగు నుంచి ఎనిమిదేళ్లకోసారి గ్రౌస్ సంఖ్య ఇలా కుప్పకూలేది. పక్షులను పట్టుకుని మందు తాగిస్తే ఆ కూలడం తగ్గుతుందని పీటర్ హడ్సన్ బృందం 1998లో నిరూపించింది. హెదర్ నారను అరిగించుకోవడానికి గ్రౌస్ పలుగురాయి నూకను మింగి కందనకాయలో దాచుకుంటుంది కాబట్టి, గేమ్‌కీపర్లు ఆ నూకకే పురుగుల మందు పట్టించి కొండంతా డబ్బాల్లో పెడతారు, వేటకు కనీసం 28 రోజుల ముందు తీసేయాలి. ఇంత మందు, ఇంత కాపలా పెట్టి పెంచాక అది ఇంకా అడవి పక్షేనా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ ఉంది.

ప్రశ్న: గ్రౌస్‌ల కోసం గద్దలను చంపుతారని చదివాను. నిజమేనా? గద్దలను కాపాడితే గ్రౌస్‌లు పోతాయా?
– డిగ్రీ విద్యార్థిని, అహేరి

జవాబు: నిజమేనమ్మా. హెన్ హారియర్ అనే గద్ద జాతి హెదర్‌లోనే నేల మీద గూడు పెట్టి, గ్రౌస్ పిల్లలను కూడా ఎత్తుకుపోతుంది. దాన్ని చంపడం 1954 నుంచి నేరం. అయినా 2007–2017 మధ్య ఉపగ్రహ ట్యాగులు కట్టిన 58 హారియర్లను పరిశీలిస్తే 72 శాతం చట్టవిరుద్ధంగా చనిపోయాయని, లేదా అలా చనిపోయి ఉంటాయనడానికి బలమైన ఆధారముందని 2019లో తేలింది. ట్యాగు పాడవకుండానే గ్రౌస్ మూర్ల దగ్గర సిగ్నల్ ఆగిపోయిన పక్షులే ఎక్కువ. ఇలాంటి వేట నాకు ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు స్కాట్లాండ్ దక్షిణ సరిహద్దులోని లాంగమ్ మూర్‌లో ఉంది. 1992 నుంచి అక్కడ హారియర్లను ఎవరూ ముట్టుకోకుండా చూశారు. ఐదేళ్లలో గూళ్లు పెట్టే ఆడ హారియర్లు 2 నుంచి 20కి పెరిగాయి, గ్రౌస్ వేటకు చాలినన్ని మిగల్లేదు, వేట ఆపేశారు, గేమ్‌కీపర్లను తీసేశారు. అంతటితో గద్దలు సుఖంగా ఉన్నాయనుకుంటే పొరపాటు, కాపలా పోయాక నక్కలు పెరిగి నేల మీది గూళ్లను దోచాయి, హారియర్లు కూడా మళ్లీ తగ్గిపోయాయి. కర్లూ, లాప్‌వింగ్ లాంటి నేల గూళ్ల పక్షులు కూడా గేమ్‌కీపర్లున్న చోట బాగా పిల్లలు తేలుస్తాయన్నది నిజమే, ఆ మాట ఎస్టేట్లవాళ్లు చెబితే కొట్టిపారేయకూడదు.

ఆ మూర్‌కు ఆ తర్వాత ఏమైందో మీ జిల్లావాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. వేట లాభం లేదని యజమానులు భూమి అమ్మకానికి పెడితే, లాంగమ్ అనే ఆ చిన్న ఊరివాళ్లు చందాలు పోగు చేసి 2021లో 5,200 ఎకరాలు, మరుసటి ఏడు ఇంకో 5,300 ఎకరాలు కొనేసి టారస్ వ్యాలీ పేరుతో రిజర్వు చేసుకున్నారు. మీ గడ్చిరోలిలో మెండా-లేఖా గ్రామసభ 2009లోనే సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించింది, అదీ కొనకుండా, చట్టంతో. ఈ విషయంలో మీరే వాళ్ల కంటే ముందున్నారు.

ప్రశ్న: మా గ్రామసభ తునికాకు తనే వేలం వేస్తుంది. ఆకు బాగా రావాలని కొందరు ఫిబ్రవరిలో నిప్పు పెడతారు, ఇప్పపువ్వు కోసం కూడా చెట్ల కింద కాలుస్తారు. స్కాట్లాండ్‌లో లాగా పట్టీలుగా కాలిస్తే మాకూ మంచిదేమో?
– గ్రామసభ సభ్యుడు, అంకీస

జవాబు: వద్దన్నా, దయచేసి ఆ ఆలోచన మానేయండి. ముందు చట్టం మాట: 1927 అటవీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవికి నిప్పు పెట్టడం నేరం. చట్టం పక్కనబెట్టినా లెక్క కుదరదు. అక్కడ తడి నేల మీద చలికాలంలో కాల్చి, గూళ్ల కాలం రాకముందే ఆపేస్తారని పైన చెప్పాను కదా. మన దగ్గర నిప్పు పడేది ఫిబ్రవరి నుంచి మే దాకా, అడవి గలగలలాడుతూ ఎండిపోయి ఉన్నప్పుడు, సరిగ్గా అడవికోడి ఆకుల్లో గుడ్లు పెట్టే వేళకు. మీరు ఎకరం అనుకుని అంటిస్తే అది ఎక్కడ ఆగుతుందో మీ చేతిలో ఉండదు.

నిప్పు పెడితే తునికి చిగురిస్తుంది, కాదనను, దాని వేరు మొండిది. అయితే ఆ పక్కనే మొలిచిన ఇప్ప మొక్క, టేకు మొక్క, నల్లమద్ది మొక్క మాడిపోతాయి, ఏటా ఇలాగే జరిగితే ఇరవై ఏళ్ల తర్వాత మీ పిల్లలు పువ్వు ఏరుకోవడానికి కొత్త ఇప్పచెట్టు ఉండదు. ఆకు చెత్త కాలిపోయిన నేల మీద తొలకరి పడితే మట్టి కొట్టుకుపోయి గోదావరిలో కలుస్తుంది. అదే తునికి పొదలను ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో నేలకు దగ్గరగా పదునైన కత్తితో నరికి వదిలితే నలభై, నలభై ఐదు రోజులకు వెడల్పాటి మెత్తటి ఆకు వస్తుంది. బీడీకి కావలసింది అదే, కల్లం దగ్గర కాంట్రాక్టరు పేరు పెట్టలేనిదీ అదే. కట్టకు 70 ఆకులు కట్టేవాళ్లకు చిల్లులు పడ్డ ఆకుకూ మంచి ఆకుకూ తేడా నేను చెప్పనక్కర్లేదు. ఈ నరికే కూలి వేలం ఒప్పందంలోనే రాయించండి, వేలం వేసేది మీరే కాబట్టి ఆ మాట అడిగే హక్కు మీకుంది. ఇప్పచెట్ల కింద ఆకులు ఊడ్చి కుప్ప వేస్తే చాలు, లేదా పాత చీర గానీ, వల గానీ కింద కట్టండి, పువ్వుకు మట్టి కూడా అంటదు. ఫైర్ లైన్, అంటే నిప్పు దాటకుండా ఆకు చెత్త తీసేసిన ఖాళీ పట్టీ, ఎప్పుడు కొట్టాలి, ఏ వాడవాళ్లు ఎటు కాపలా కాయాలి అన్నది జనవరి సభలోనే తీర్మానం చేసుకోండి, మార్చిలో మంట లేచాక మాట్లాడుకుని లాభం లేదు.

ప్రశ్న: మా ఊళ్లో కౌజులు చాలా ఉన్నాయి, పంట కూడా పాడు చేస్తాయి. సీజన్ పెట్టి మనమూ పట్టుకోవచ్చా?
– యువ రైతు, ఆసరెల్లి

జవాబు: కుదరదు తమ్ముడూ. 1972 వన్యప్రాణి చట్టం కింద కౌజు, అడవి పూరేడు, అడవికోడి దేన్ని పట్టినా నేరమే, ఉచ్చు పెట్టినా అంతే. ఫారాల్లో పెంచే జపాన్ పూరేడు సంగతి వేరు, అది కావాలంటే పెంచుకోండి. కౌజు తినేది ఎక్కువగా గడ్డి గింజలు, చెదలు, పురుగులు. పంటకు అది చేసే నష్టం కంటే మేలే ఎక్కువ.

సిరొంచ టీచరమ్మకు మిగిలిన రెండు మాటలు. బీటర్ పనిలో తప్పేమీ లేదు, ఎండావానల్లో తుప్పల్లో మైళ్లు నడిచే కష్టపు కూలి అది. కానీ స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తుండగా వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. ఎమ్మెస్సీ వాళ్లకు వేసవిలో డిసర్టేషన్ రాసే కాలం కూడా సాధారణంగా టర్మ్ కిందికే వస్తుంది, సెలవు అనుకుని గంటలు దాటితే వీసాకే చిక్కు. ఎస్టేట్ ఏ పద్ధతిలో కూలి ఇస్తోందో రాయించుకుని యూనివర్సిటీ వీసా ఆఫీసులో ఒకసారి చూపించమనండి. ఇక ఆ జత పక్షులు. అక్కడ ఇప్పటికీ ఎక్కువగా సీసం గుళ్లతోనే కాలుస్తారు. గుండు తీసేసినా సన్నని సీసం తునకలు మాంసంలో మిగులుతాయి, అందుకే అలాంటి మాంసం తరచుగా తినేవాళ్లు తగ్గించుకోవాలని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థే చెబుతోంది. మీ తమ్ముడు ఒకసారి తింటే భయపడాల్సింది లేదు, గుండు తగిలిన చోట నల్లబడిన మాంసం చుట్టూ బాగా కోసి పారేసి వండుకోమనండి. రూమ్మేట్లలో ఎవరైనా కుటుంబంతో ఉంటే మాత్రం చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు అది పెట్టొద్దని గట్టిగా చెప్పండి.