డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకు: మొదటి ఫిషింగ్ రీలు ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

మార్చి వచ్చిందంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది. ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరినవాళ్లు, హెచ్‌1బీ మీద కొత్తగా దిగినవాళ్లు, ఏ ఆదివారమో లూయిస్‌విల్ లేక్ ఒడ్డున ఎవరో చేపలు పడుతుంటే చూసి వచ్చి, "అన్నా, మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం, ఏ రీలు కొనమంటారు?" అని అడుగుతారు. వీళ్లలో చాలామంది చిన్నప్పుడు కాలవగట్టు మీద కూర్చుని వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి, వానపాము గుచ్చి గాలం వేసినవాళ్లే. ఇక్కడ దుకాణంలో అడుగుపెట్టగానే గోడ నిండా రీళ్లు, 20 డాలర్ల దగ్గర్నుంచి 700 దాటేవాటి దాకా కనిపిస్తే ఏం తీసుకోవాలో తోచదు. నేను చెప్పేది ఒక్కటే. మధ్యరకం రీలు ఒకటి తీసుకోండి, దానికి లైన్ (గాలపు దారం) సరిగా చుట్టుకోండి, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ ఎంత బిగువుకి జారాలో చూసే ఏర్పాటు) సరిచూసుకోండి, వాడిన రోజే తుడిచి పెట్టుకోండి. పదేళ్లు మీ దగ్గరే ఉంటుంది.

అసలు మొదటి నెల ఏమీ కొనకపోయినా నడుస్తుంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర శాఖ వాళ్లు రాడ్డు, రీలు, గాలాలు, గుండ్లు ఉన్న చిన్న పెట్టెతో సహా ఉచితంగా ఏడు రోజులకు అరువిస్తారు. ఏయే చోట్ల ఇస్తారో వాళ్ల సైట్‌లోనే జాబితా ఉంటుంది. ఇంకో మంచి సంగతి, స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీంచి గాలం వేస్తే లైసెన్సు అవసరం లేదు. రెండు మూడు వారాంతాలు అలా వెళ్లి చూసి, ఎండలో నాలుగు గంటలు కూర్చోవడం మీకు నచ్చుతుందో లేదో తెలుసుకున్నాక డబ్బు పెట్టండి.

స్టేట్ పార్కు బయట మాత్రం 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. ఆరు నెలలకు పైగా వరసగా టెక్సస్‌లో ఉంటున్నవాళ్లు రెసిడెంట్ కిందికి వస్తారు, వాళ్లకు మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, మిగతావాళ్లకు 58. మామూలు లైసెన్సు మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, కాబట్టి జులైలో కొనేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. "ఎవరు చూస్తారులే" అనే మాట మాత్రం వద్దు. గేమ్ వార్డెన్ (వేట, చేపల నియమాలు చూసే అధికారి) వచ్చి మీ లైసెన్సు, బకెట్, కూలర్ అన్నీ చూడొచ్చు, లైసెన్సు లేకపోతే సైటేషన్ (కేసు చీటీ) రాస్తారు, జరిమానా 25 నుంచి 500 డాలర్ల దాకా ఉంటుంది. జరిమానా కట్టేస్తే అది పోయిందనుకోకండి. రేపు గ్రీన్‌కార్డుకి ఐ-485 నింపేటప్పుడు ఎప్పుడైనా సైటేషన్ వచ్చిందా అనే ప్రశ్న ఉంటుంది. 30 డాలర్ల దగ్గర చూసుకుని ఆ టెన్షన్ ఎందుకు?

ఇక రీలు సంగతి. మంచినీళ్లలో వాడేవి ముఖ్యంగా మూడు రకాలు. ముందు మూతలా ఉండి, వెనక బొటనవేలితో నొక్కే బటన్ ఉండేది స్పిన్‌కాస్ట్. జెబ్‌కో కంపెనీ పేరు వినే ఉంటారు, దాని అసలు పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ, ఓక్లహోమాలోని టల్సాలో చమురు బావుల్లో పేల్చే బాంబులు చేసేవాళ్లు. ఆర్. డి. హల్ అనే టెక్సస్ గడియారాల మెకానిక్ తెచ్చిన ఆలోచనతో 1949లో రీళ్లలోకి వచ్చారు. ఆరేడేళ్ల పిల్లలకు ఇప్పటికీ అదే మంచిది, చిక్కు పడదు, నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. రెండోది స్పిన్నింగ్ రీలు, రాడ్డు కింద వేలాడుతూ, లైన్‌ని స్పూల్ (లైన్ చుట్టి ఉండే ఉండె) మీదికి చుట్టే తీగలాంటి బెయిల్ ముందు తిరుగుతూ ఉంటుంది. మూడోది బెయిట్‌కాస్టర్, రాడ్డు మీద కూర్చుంటుంది, విసిరినప్పుడు స్పూలే తిరుగుతుంది.

పెద్దవాళ్లకు నా సలహా స్పిన్నింగ్ రీలే. నేను మొదట కొన్నది బెయిట్‌కాస్టర్. దుకాణంలో అబ్బాయి "బాస్ చేప పట్టాలంటే ఇదే" అంటే తీసుకున్నాను. లేక్ దగ్గరకెళ్లి నాలుగోసారి విసిరేసరికి గాలం నీళ్లలో పడ్డాక కూడా స్పూల్ తిరుగుతూనే ఉంది, లైనంతా పిచ్చుకగూడులా చిక్కుపడింది. పొద్దుటంతా దాన్ని విప్పుతూనే కూర్చుని, చివరికి కత్తిరించి పారేశాను. స్పూల్‌ని బొటనవేలితో ఆపుతూ ఉండాలని, బ్రేకులు గాలం బరువుని బట్టి సరిచేసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. బెయిట్‌కాస్టర్ మంచి పనిముట్టే, బరువైన ఎరలకు, పెద్ద చేపలకు దానికి సాటి లేదు, కానీ అది రెండో ఏడు కొనాల్సిన వస్తువు.

స్పిన్నింగ్ రీలు మీద 1000, 2500, 4000 అని అంకెలుంటాయి, కొన్ని కంపెనీలు 25, 30 అని వేస్తాయి. అది సైజు. చిన్న బ్లూగిల్ చేపలకు 1000, పెద్ద జెల్లలకు 4000, ఒకే రీలుతో అన్నీ చూసుకోవాలంటే 2500 లేదా 3000. 5.2:1 అని రాసుంటే పిడి ఒక చుట్టు తిప్పితే రోటర్ (బెయిల్ ఉన్న తిరిగే భాగం) 5.2 చుట్లు తిరుగుతుందని అర్థం, మొదలుపెట్టేవాళ్లకు 5 నుంచి 6 మధ్య ఏదైనా సరిపోతుంది. బేరింగుల లెక్కకు మాత్రం పడిపోకండి. పెట్టె మీద 12 అని రాసిన చవక రీలు కంటే నాలుగైదు మంచి బేరింగులున్న షిమానో, డైవా, ఫ్లూగర్, పెన్ రీలు ఎక్కువకాలం మృదువుగా తిరుగుతుంది. దుకాణంలోనే పిడి తిప్పి చూడండి, గరగరమంటే వద్దు. పిడిని పక్కలకు కదిపి చూడండి, వదులుగా ఊగుతుంటే వద్దు. డ్రాగ్ కొంచెం వదులు చేసి స్పూల్ మీంచి లైన్ లాగినట్టు తిప్పండి, ఆగి ఆగి కాకుండా ఒకే తీరుగా జారాలి. రాడ్డు, రీలు కలిపి 50, 70 డాలర్ల మధ్య వచ్చే సెట్టు చాలు. రాడ్డు ఆరున్నర, ఏడు అడుగులది, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ అని రాసున్నది తీసుకోండి. కుడిచేతివాళ్లు కుడిచేత్తో రాడ్డు పట్టుకుని ఎడమచేత్తో తిప్పడం అలవాటు చేసుకోండి, పిడి ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు. చాలామంది కొత్తవాళ్లు స్పిన్నింగ్ రీలుని తలకిందులుగా, రాడ్డు మీద కూర్చునేలా పట్టుకుని వెనక్కి తిప్పుతుంటారు. అది ఎప్పుడూ రాడ్డు కిందే ఉండాలి.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, లైన్. మోనోఫిలమెంట్ అంటే మనకు తెలిసిన నైలాన్ దారమే. సాగుతుంది, చవక, ముడి బాగా పట్టుకుంటుంది, 8 పౌండ్లది (అంత లాగుడుకి తట్టుకునేది) తీసుకుంటే ఇక్కడి చెరువుల్లో చాలా పనులకు సరిపోతుంది. బ్రెయిడ్ అంటే అల్లిన దారం, సన్నగా ఉండి చాలా బలంగా ఉంటుంది, సాగదు, చేప ముట్టుకోగానే చేతికి తెలుస్తుంది. కానీ బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి కట్టేస్తే నున్నటి లోహం మీద చుట్టంతా జారి తిరుగుతుంది, అందుకని అడుగున కొన్ని చుట్లు మోనో వేసి దానికి కట్టాలి. చుట్టేటప్పుడు కొత్త లైన్ స్పూల్‌ని నేల మీద పడుకోబెట్టండి. బెయిల్ ఎటు తిరుగుతుందో లైన్ కూడా అటే ఊడి వస్తోందా చూడండి. ఇరవై చుట్ల తర్వాత ఆగి లైన్‌ని వదులు చేసి చూడండి, మెలికలు తిరిగిపోతుంటే ఆ స్పూల్‌ని తిరగేసి పెట్టండి. రెండు వేళ్ల మధ్య లైన్‌ని కొంచెం బిగువుగా పట్టుకుని చుట్టాలి, వదులుగా చుడితే తర్వాత విసిరినప్పుడు ఉండలుగా వచ్చేస్తుంది. స్పూల్ అంచుకి అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ ఉండేదాకా నింపండి. తక్కువైతే దూరం పోదు, ఎక్కువైతే చిక్కు. విసిరాక బెయిల్‌ని పిడి తిప్పి కాకుండా చేత్తో మూయండి. ఈ ఒక్క అలవాటుతో లైన్ మెలిపడటం చాలా తగ్గుతుంది.

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంత కొంత జారనిచ్చే ఏర్పాటు. లైన్ బలంలో పావు వంతు నుంచి మూడో వంతు లోపు ఉంచాలి. 8 పౌండ్ల లైనైతే రెండు, రెండున్నర పౌండ్ల లాగుడికి జారాలి. సూట్‌కేసులు తూచడానికి మనందరి ఇళ్లలో కొక్కెంతో ఉండే చిన్న తూకం ఉంటుంది కదా, దానికి లైన్ కట్టి లాగి చూసుకోండి. చేప లైన్ తీసుకుపోతుంటే పిడి తిప్పకండి, లైన్ రాదు సరికదా మెలికలు పడుతుంది. అది ఆగాక రాడ్డు పైకెత్తి, దించుతూ చుట్టండి. గాలం ముడి బిగించేముందు నోటితో తడి చేయండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి మోనో అక్కడే బలహీనపడుతుంది. బ్రెయిడ్‌కి పాలోమార్ ముడి నేర్చుకోండి, మోనోకి ఇంప్రూవ్డ్ క్లించ్.

సంరక్షణ గురించి ఎవరూ అడగరు, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. ఇక్కడి వేసవిలో కారు డిక్కీ కొలిమిలా ఉంటుంది, రీలుని అందులో నెలల తరబడి వదిలేస్తే గ్రీజు కరిగి పక్కకు పోతుంది, ఎండ తగిలే చోట ఉంటే మోనో లైన్ పెళుసవుతుంది. ఇంటికి తెచ్చుకోండి. వాడిన రోజు డ్రాగ్ బిగించి, సన్నటి నీటి జల్లు కింద ఒక్క నిమిషం కడిగి, బట్టతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. బకెట్‌లో ముంచొద్దు, పైపుతో జోరుగా కొట్టొద్దు, ఆ ఒత్తిడికి మట్టి లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్‌ని పూర్తిగా వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి వాషర్లు నొక్కుకుపోయి తర్వాత ఆగి ఆగి జారుతుంది. నెలకోసారి లైన్ రోలర్‌కి (బెయిల్ మీద లైన్ జారే చిన్న చక్రానికి), పిడి గుబ్బకి, బెయిల్ కీళ్లకి ఒక్కొక్క చుక్క రీల్ ఆయిల్. ఏడాదికోసారి పక్క మూత విప్పి పళ్ల చక్రాలకు కొంచెం గ్రీజు. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పెట్టెలో వచ్చిన విడిభాగాల బొమ్మ కాగితం పారేయకండి. పిడి వెనక్కి తిరగకుండా ఆపే బేరింగ్ ఒకటి ఉంటుంది, దాంట్లో మాత్రం గ్రీజు పడకూడదు, పడితే జారిపోయి పిడి వెనక్కి తిరుగుతుంది. డబ్ల్యూడీ-40 కొట్టి నూనె వేశామనుకునేవాళ్లు చాలామంది, అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. దోమల మందులో డీట్ ఉంటే ఆ చేతుల్తో రీలు, లైన్ ముట్టుకోకండి, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

మొదటి చేపగా ఛానెల్ క్యాట్‌ఫిష్‌ని పట్టండి, మన జెల్లలకు దూరపు చుట్టం. కోడి లివర్, రొయ్య, వానపాము ఏదైనా తింటుంది. వీపు మీద, రెక్కల దగ్గర ముళ్లుంటాయి, ఊళ్లో జెల్ల ముల్లు గుచ్చుకున్నవాళ్లకు ఆ నొప్పి చెప్పక్కర్లేదు, అందుకే పొడుగు ముక్కు పట్టకారు తప్పకుండా ఉంచుకోండి. ఇదే సెట్టుతో టెక్సోమా లేక్ బ్లూ క్యాట్‌ఫిష్ మీదికి మాత్రం వెళ్లకండి, 2004లో అక్కడ 121.5 పౌండ్లది పడింది. దానికి బరువైన రాడ్డు, 30 పౌండ్ల లైన్ కావాలి. తినడానికి పడుతుంటే ఆ నీటి మీద రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలున్నాయేమో చూడండి, ఫోర్ట్‌వర్త్ దగ్గర ట్రినిటీ నది కొన్ని భాగాల్లో చేపలు తినొద్దని చెప్పారు. విసురు వలతో గేమ్ ఫిష్ (గాలంతోనే పట్టాలని నియమం పెట్టిన చేపలు) పట్టకూడదు. పడవలో వెళ్తే దిగిపోయేటప్పుడు పడవలో, ఎర బకెట్‌లో ఉన్న లేక్ నీళ్లన్నీ పారబోయాలి, జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా ఈ నియమం. ఇంకొకటి, కొర్రమీను మీద బెంగతో ఎవరైనా బతికున్నది ఎక్కడో దొరుకుతుందంటే ఆ జోలికి వెళ్లకండి. తెలంగాణకు అది రాష్ట్ర చేప, ఇక్కడ మాత్రం 2002 నుంచి ఆ జాతి చేపల్ని బతికుండగా దేశంలోకి తేవడం ఫెడరల్ నేరం.

రాడ్డు గ్రాఫైట్‌దైతే అందులో కరెంటు పారుతుంది, మబ్బు ఉరిమిందంటే చేప గాలానికి ఉన్నా సరే లైన్ కోసేసి కార్లోకి వెళ్లండి. మే నెల ఉరుములు ఇక్కడ ఎంత హఠాత్తుగా వస్తాయో ఒక్క ఏడాదిలో మీకే తెలుస్తుంది.

వేసవిలో కొన్న రీలుకి అదనపు స్పూల్ దొరికితే ఇప్పుడే తీసి పెట్టుకోండి. చలికాలంలో ఊళ్లలోని పార్కు చెరువుల్లో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని వదులుతారు, ఏ చెరువులో ఏ వారం వదిలేదీ ముందే ప్రకటిస్తారు. వాటికి 8 పౌండ్ల లైన్ మోటు, 4 పౌండ్లది కావాలి, గాలం చిన్నది, ఎర బఠాణీ గింజంత. స్పూల్ మార్చడానికి అర నిమిషం పడుతుంది, డ్రాగ్‌ని మాత్రం మళ్లీ ఆ తూకంతో ఒక పౌండుకి సరిచూసుకుని అప్పుడు విసరండి.