మెర్సిడెస్ డబ్ల్యూ124: కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేశాక ముందు కుడివైపు ఎత్తుగా ఉంటే

స్ప్రింగులు మంచివే అయ్యుంటాయి, పాత ప్యాడ్లను చూడండి. ఈ మెర్సిడెస్‌లో స్ప్రింగు పైన కూర్చునే రబ్బరు ప్యాడ్ అంచున చిన్న బొడిపెలుంటాయి. ఒకటుంటే 8 మి.మీ. మందం, రెండుంటే 13, మూడుంటే 18, నాలుగుంటే 23. ఎడమకీ కుడికీ వేరువేరు మందం ఉండటం మామూలే.

1. రెండువైపులా బొడిపెలు లెక్కపెట్టండి. కుడివైపు సన్నది వేయండి. స్ప్రింగు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే కింది చేయి) మీద, చక్రం కంటే లోపలికి ఉంటుంది కాబట్టి ప్యాడ్‌లో తగ్గించిన 5 మి.మీ. చక్రం దగ్గర ఇంకా ఎక్కువే కనిపిస్తుంది.

2. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

3. స్ప్రింగు కింది కొస ఆర్మ్‌లోని గాడి చివరకు ఆనాలి.

4. చాలామంది వదిలేసేది ఇదే: లోయర్ ఆర్మ్ లోపలి బోల్టులను బండి జాకీ మీద ఉండగానే బిగించేస్తారు. అప్పుడు ఆర్మ్ కిందికి వేలాడుతుంటుంది, ఆర్మ్ కీలులోని బుష్ రబ్బరు ఆ స్థితిలోనే పట్టేస్తుంది. బండి దించాక అది మెలితిరిగి కారును పైకి నెడుతుంది, త్వరగా చిరుగుతుంది కూడా. బోల్టు తల స్థానానికి ముందే గీత పెట్టుకోండి (చక్రాల కోణాలైన క్యాంబర్, క్యాస్టర్ సర్దేది దానితోనే), వదులు చేయండి, బండిని చక్రాల మీద నిలబెట్టి నాలుగుసార్లు నొక్కి వదలండి, అప్పుడు బిగించండి. కొత్త ప్యాడ్ కొనేముందు ఈ ఒక్కటి చేసి చూడండి, ఖర్చు లేదు.

5. చివరగా అలైన్‌మెంట్.