పేటెంటా, గేటా: కళ్యాణదుర్గం తండ్రికి సమాధానం

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ, వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపే చిన్న యంత్రం తయారుచేశాడు. పొలంలో అది ఆడుతున్న వీడియోను నేనే ఊరి వాట్సాప్ గ్రూపులలో పెట్టాను. 25,000 రూపాయలు కడితే రెండు నెలల్లో పేటెంట్ ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు. ఎం.టెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష కోచింగ్ మానిపించి ఆ డబ్బు దీనికి పెట్టవచ్చా? మా మేనల్లుడి పేరు కూడా చేర్చవచ్చా?

సమాధానం: అయ్యా, ఇలాంటి ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులందరిలోనూ నేను చూసే దిగులు ఒక్కటే. చేతిలో ఏదో ఒక సర్టిఫికెట్ లేకపోతే బిడ్డ వెనకబడిపోతాడేమోనన్నదే ఆ దిగులు. కాయలు తెంపడానికి కూలీలు దొరక్క ఇంట్లోవాళ్లు పడే అవస్థను చూసి, దానికి తన చేతులతో పరిష్కారం వెతికిన కుర్రవాడు వెనకబడినవాడు కాడు. పేటెంట్ వచ్చినా రాకపోయినా ఆ పని అతనికి అక్కరకు వస్తుంది.

రెండు నెలల మాట నమ్మకండి. దరఖాస్తు మామూలుగా 18 నెలల తరువాత పేటెంట్ కార్యాలయం వారి పత్రిక పేటెంట్ జర్నల్‌లో ప్రచురితమవుతుంది. ఫారం 9 పెట్టి 2,500 రూపాయలు కడితే నెల రోజుల్లోపే ప్రచురిస్తారు. ఆ ప్రచురణ కాగితాన్నే పేటెంట్ అని చెప్పి చేతిలో పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అప్పటికి ఎవరూ దానిని పరీక్షించి ఉండరు. పరీక్ష కోసం దాఖలు చేసిన తేదీ నుంచి 31 నెలలలోపు 4,000 రూపాయలతో వేరుగా అభ్యర్థించాలి. పరీక్షాధికారి అభ్యంతరాలకు ఆరు నెలలలోపు జవాబివ్వాలి. అది నెగ్గితేనే, దాఖలు చేసిన తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు లభిస్తుంది. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు మాత్రమే. పైన చెప్పిన రుసుములు కూడా పోగా మిగిలినదంతా రాసిపెట్టేవారి ఫీజు, కనుక ఆ 25,000లో ఏ పనికి ఎంతో రాసిమ్మని అడగండి.

రెజ్యూమె కోసం పేటెంట్ అనే ఈ కొత్త మోజు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆరుగురి పేర్లున్న దరఖాస్తును పట్టుకొచ్చి, అందులో తన వంతు ఏమిటో నాకు చెప్పలేక తలవంచుకున్న విద్యార్థులను చూశాను. పనిలో చెయ్యి పెట్టని మేనల్లుడిని ఆవిష్కర్తగా రాయించడం అబద్ధపు ప్రకటన. చుట్టరికం కోసం సొంత కొడుకు నిజాయితీని పణంగా పెట్టమని తండ్రే అడగడం నాకు బాధ కలిగించింది. ప్రాజెక్టులో నిజంగా ఆలోచన అందించిన స్నేహితులుంటే వారి పేర్లు మాత్రం తప్పక ఉండాలి. కళాశాల ల్యాబులో చేసిన పనైతే హక్కు ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఆ వీడియో విషయంలోనూ మీదే తొందరపాటు. దాఖలుకు ముందే లోపలి అమరిక పదిమందికీ తెలిసిపోతే, కొత్తదనం లేదన్న అభ్యంతరానికి అదే ఆధారం కావచ్చు. వెంటనే తొలగించండి, ఏ తేదీన పెట్టారో మాత్రం రాసి ఉంచి, దాఖలు చేయించే ఏజెంటుకు దాచకుండా చెప్పండి.

ఇక దరఖాస్తులో అసలు కష్టం రాతలోనే ఉంది. సాగు పద్ధతికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు కానీ యంత్రానికి ఇస్తుంది. ఇటువంటి యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి గనుక, వాటిలో కాయ ఎక్కడ పగులుతోంది, మీవాడి యంత్రంలో ఏ భాగం అమరిక వల్ల పగలడం లేదు అన్నది బొమ్మలతో సహా, ఆ పని తెలిసిన మరొకరు చదివి తయారుచేయగలిగేలా వివరించాలి. ఆ తేడా మీదే క్లెయిములు, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు, నిలబడాలి. ముందుగా పేటెంట్ కార్యాలయం వారి ఉచిత వెబ్‌సైటులో పాత పేటెంట్లు వెతికించండి. పది చదివితే తనది ఎంతవరకు కొత్తదో అతనికే తెలుస్తుంది.

గేట్‌తో పోల్చమన్నారు. రెండింటికీ పోటీయే లేదు. తాత్కాలిక స్పెసిఫికేషన్, అంటే యంత్రం గురించిన తొలి వివరణ పత్రం, దాఖలు చేస్తే, పూర్తిది ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఆ ఏడాదిలో గేట్‌కు చదువుకుంటూనే యంత్రాన్ని మెరుగుపరచుకోవచ్చు. కోచింగ్ మానిపించకండి. ఈ రాతపని అతనికి నచ్చితే, డిగ్రీ పూర్తయ్యాక పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాసే దారి కూడా ఉంది.

ఇప్పటికి ఎవరికీ డబ్బు కట్టకండి. యంత్రం గురించి అబ్బాయి చేత రెండు పేజీలు తెలుగులోనే రాయించి, అతనినే వెంటబెట్టుకుని రండి.