పంపేశాక ఆ మెమరీ ఎవరిది? జీరో కాపీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఐదు జీరో కాపీకి, అంటే డేటాను సీపీయూ చేత మెమరీలో ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయించకుండానే పంపే పద్ధతికి, చెందినవి కావడంతో వాటన్నిటినీ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: పెద్ద ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా అందించే ప్రోగ్రామ్ ఒకటి లినక్స్‌లో నడుపుతున్నాను. ఫైలు చదివి సాకెట్‌లోకి (నెట్‌వర్క్ కనెక్షన్‌కు ప్రోగ్రామ్ వైపు కొస) రాయడం తప్ప అది చేసే పని ఏమీ లేదు, అయినా సీపీయూ విపరీతంగా ఖర్చవుతోంది. జీరో కాపీ వాడమని తోటివారు అంటున్నారు. అందులో నిజంగా ఒక్క కాపీ కూడా జరగదా?

జవాబు: మీ ప్రోగ్రామ్ ఆ డేటాలో ఏముందో చూడదు, కానీ డేటా మాత్రం మీ ప్రోగ్రామ్ మెమరీ గుండానే వెళ్తోంది. ఖర్చు అక్కడే ఉంది. రీడ్ పిలిచినప్పుడు డిస్కులోని సమాచారం డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా పరికరాలే మెమరీని నేరుగా చదివే, రాసే పద్ధతి) ద్వారా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఫైళ్ల డేటాను ఉంచుకునే పేజీ కాష్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి సీపీయూ దాన్ని మీ బఫర్‌లోకి (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ) కాపీ చేస్తుంది. రైట్ పిలవగానే అదే సీపీయూ అవే బైట్లను తిరిగి కెర్నెల్‌లోని సాకెట్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది, ఆ తర్వాత నెట్‌వర్క్ కార్డు తన డీఎంఏతో వాటిని తీసుకుంటుంది. మొత్తం నాలుగు కదలికల్లో రెండు సీపీయూ స్వయంగా చేసేవి. సెకనుకు 10 గిగాబిట్లు పంపాలంటే 1.25 గిగాబైట్లు కదలాలి. ప్రతి కాపీలో ఒకసారి చదవడం, ఒకసారి రాయడం ఉంటాయి కాబట్టి, సీపీయూలోని చిన్న, వేగమైన మెమరీ అయిన కాష్ ఆదుకోని పక్షంలో ఈ రెండు కాపీలకే మెమరీ మీద సెకనుకు 5 గిగాబైట్ల భారం పడుతుంది. పైగా ఎవరికీ మళ్లీ అక్కరలేని ఈ బైట్లు సీపీయూ కాష్‌ను నింపేసి, అక్కడ ఉండవలసిన వాటిని బయటికి నెట్టేస్తాయి.

1999లో వచ్చిన లినక్స్ 2.2లోనే దీనికి సెండ్‌ఫైల్ అనే సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ను పని అడిగే పిలుపు) చేరింది. ఫైలునూ సాకెట్‌నూ కెర్నెల్‌కు అప్పగిస్తే, డేటా మీ ప్రోగ్రామ్ వైపు రాకుండా లోపలే కదులుతుంది. అప్పట్లో పేజీ కాష్ నుంచి సాకెట్ బఫర్‌కు ఒక సీపీయూ కాపీ మిగిలే ఉండేది. 2001 నాటి 2.4తో అదీ పోయింది: సాకెట్ బఫర్‌లోకి డేటాకు బదులు అది ఉన్న పేజీ (మెమరీలోని స్థిర పరిమాణపు ముక్క) ఎక్కడుందో, ఎంత పొడవో తెలిపే వివరం మాత్రమే చేరుతుంది, కార్డు పేజీ కాష్ నుంచే నేరుగా చదువుకుంటుంది. కాబట్టి ‘జీరో’ అన్న మాట సీపీయూ చేసే కాపీలకే వర్తిస్తుంది, డీఎంఏ కదలికలు రెండూ అలాగే ఉంటాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. కెర్నెల్ డేటాను కాపీ చేస్తూనే టీసీపీ (డేటా అవతలికి సరిగా చేరేలా చూసే నెట్‌వర్క్ నియమావళి) చెక్‌సమ్ (డేటా దారిలో చెడిందో లేదో తేల్చే సంఖ్య) కూడా లెక్కించేది, ఎలాగూ ప్రతి బైటునూ తాకుతోంది కాబట్టి ఆ లెక్క దాదాపు ఉచితంగా వచ్చేది. కాపీ తీసేశాక ఆ లెక్క కార్డే వేయాలి. చెల్లాచెదురుగా ఉన్న పేజీల నుంచి డేటాను ఏరుకోగల శక్తి, చెక్‌సమ్ వేయగల శక్తి రెండూ కార్డుకు ఉంటేనే మీకు పూర్తి ఫలితం దక్కుతుంది.

సెండ్‌ఫైల్ ఒక్క పిలుపులో గరిష్ఠంగా 2,147,479,552 బైట్లే పంపుతుంది, అడిగినదానికన్నా తక్కువ పంపి తిరిగి రావడమూ మామూలే. అందుకే దాన్ని లూపులో పెట్టి, ఎంత పంపిందో చూసుకుంటూ సాగాలి.

ప్రశ్న: నా డేటా ఫైలులో కాక ప్రోగ్రామ్ మెమరీలోనే తయారవుతుంది. అందుకని ఎంఎస్‌జీ జీరోకాపీ ఫ్లాగ్‌తో (కాపీ చేయవద్దని సెండ్ పిలుపుకు ఇచ్చే సూచన) పంపడం మొదలుపెట్టాను. వేగం పెరిగింది, కానీ అప్పుడప్పుడూ అవతలివైపు చేరిన సందేశంలో కొంత భాగం తర్వాతి సందేశానికి చెందినదిగా ఉంటోంది. టీసీపీలో చెక్‌సమ్ ఉండగా ఇది ఎలా సాధ్యం?

జవాబు: సెండ్ తిరిగి రాగానే మీరు అదే బఫర్‌లో తర్వాతి సందేశాన్ని రాస్తున్నారు. తప్పు అదే, ఇది చాలా తీవ్రమైన తప్పు.

మామూలు సెండ్‌లో కెర్నెల్ చేసే కాపీ మీకొక హక్కు ఇచ్చేది: పిలుపు తిరిగి వచ్చిన క్షణం నుంచి బఫర్ పూర్తిగా మీది, దాన్ని చెరిపినా తిరగరాసినా పంపినదానికి ఏమీ కాదు. 2017 నవంబరులో వచ్చిన లినక్స్ 4.14లోని ఈ ఫ్లాగ్‌ను వాడినప్పుడు ఆ హక్కును మీరు వదులుకుంటున్నారు. కెర్నెల్ మీ పేజీలను కదలకుండా పట్టి ఉంచి కార్డుకు వాటి చిరునామా ఇస్తుంది. ప్యాకెట్ బయలుదేరడంతో పని ముగియదు. దారిలో పోతే మళ్లీ పంపాలి కాబట్టి, అవతలివైపు నుంచి అందినట్టు కబురు వచ్చేదాకా టీసీపీ ఆ పేజీలను విడవదు. మీరు ఈలోగా పేజీని తిరగరాస్తే మళ్లీ పంపే ప్యాకెట్‌లో కొత్త రాతే వెళ్తుంది. చెక్‌సమ్ మిమ్మల్ని కాపాడకపోవడానికి కారణం కూడా ఇదే: కార్డు పంపే క్షణంలో పేజీలో ఏముందో దానికే చెక్‌సమ్ వేస్తుంది, అందువల్ల చెడిన డేటా సరైన చెక్‌సమ్‌తో అవతలికి చేరుతుంది. నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు పోయినప్పుడు ఈ లోపం మరింతగా బయటపడుతుంది కాబట్టి, ప్రశాంతమైన పరీక్షల్లో అది మీకు కనిపించకపోవచ్చు.

పేజీలు ఎప్పుడు తిరిగి మీవవుతాయో కెర్నెల్ సాకెట్ ఎర్రర్ క్యూ ద్వారా చెబుతుంది. పేరులో ఎర్రర్ ఉన్నా ఇది పని ముగిసిందన్న సమాచారమే. ఆ సాకెట్‌పై జయప్రదంగా ముగిసిన ప్రతి జీరోకాపీ సెండ్‌కు కెర్నెల్ వరుసగా ఒక సంఖ్య ఇస్తుంది, కబురులో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా పూర్తయ్యాయో ఉంటుంది. పలు సెండ్‌లకు కలిపి ఒకే కబురు రావచ్చు. సాధారణంగా అవి వరుసలోనే వస్తాయి, కానీ ప్యాకెట్లను మళ్లీ పంపినప్పుడు, సాకెట్ మూసేటప్పుడు వరుస తప్పవచ్చు. కాబట్టి మీ ప్రోగ్రామ్‌లో కొన్ని బఫర్లను సిద్ధంగా పెట్టుకుని, ప్రతిదానికీ ఆ సంఖ్యను జోడించి, కబురు అందాకే దాన్ని మళ్లీ వాడండి. పట్టి ఉంచిన పేజీలకు పరిమితి ఉంటుంది, అది దాటితే సెండ్ విఫలమవుతుంది, అప్పుడు మామూలు సెండ్‌కు మారే ఏర్పాటు కూడా ఉండాలి.

సెండ్‌ఫైల్ వాడేవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. పంపుతున్న ఫైలును అదే చోట తిరగరాస్తే పాత, కొత్త ముక్కలు కలిసి వెళ్లవచ్చు. కొత్త సమాచారాన్ని వేరే ఫైలులో రాసి, పాత పేరును దానికి మార్చడం క్షేమం, అప్పుడు పాత ఫైలు పేజీలు పని ముగిసేదాకా చెక్కుచెదరవు.

ప్రశ్న: అదే ఫ్లాగ్‌తో నా కంప్యూటర్‌లోనే రెండు ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపి చూశాను. లాభం ఏమీ కనిపించలేదు. ఎందుకు?

జవాబు: ఒకే యంత్రంలో తిరిగే ప్యాకెట్లను కెర్నెల్ కాపీ చేస్తుంది. చదవవలసిన ప్రోగ్రామ్ చదవకుండా ఊరుకుంటే మీ పేజీలు ఎప్పటికీ విడుదల కావు కదా, అందుకే ఈ జాగ్రత్త. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ నడుస్తున్నప్పుడు అది చూసే ప్యాకెట్లకూ ఇదే జరుగుతుంది, కాబట్టి వేగాన్ని కొలిచేటప్పుడు దాన్ని ఆపండి. ముగింపు కబురులోనే ‘చివరికి కాపీ చేయవలసి వచ్చింది’ అని తెలిపే గుర్తు ఉంటుంది, ముందు దాన్ని చూడండి. ఇంకా, సాకెట్‌పై జీరోకాపీ ఐచ్ఛికాన్ని ముందే ఆన్ చేయకపోతే కెర్నెల్ ఈ ఫ్లాగ్‌ను ఏమీ చెప్పకుండా విస్మరిస్తుంది. సందేశాలు చిన్నవైతే పేజీలను పట్టి ఉంచడానికీ, కబుర్లు చదవడానికీ అయ్యే ఖర్చే కాపీ ఖర్చును మించిపోతుంది. సుమారు 10 కిలోబైట్లు దాటిన సందేశాలకే ఇది లాభమని కెర్నెల్ పత్రాలు చెబుతున్నాయి. అంతకన్నా చిన్నవాటికి మామూలు సెండే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నా సర్వర్ టీఎల్‌ఎస్‌తో గుప్తీకరించి పంపాలి. ఇక సెండ్‌ఫైల్ ఆశ వదులుకోవాలా?

జవాబు: అక్కరలేదు. గుప్తీకరణ మీ ప్రోగ్రామ్‌లో జరిగినంత కాలం డేటా అక్కడికి రాక తప్పదు. లినక్స్ 4.13 నుంచి, అంటే 2017 నుంచి, తొలి సంప్రదింపులు మీ లైబ్రరీ పూర్తిచేసి, గుప్తీకరణ తాళంచెవులను (కీలను) కెర్నెల్‌కు అప్పగించే వీలు ఉంది, ఆ తర్వాత సెండ్‌ఫైల్ మామూలుగానే పనిచేస్తుంది. నెట్‌ఫ్లిక్స్ వీడియో సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిచేది ఈ పద్ధతిలోనే. అయితే కెర్నెల్ పేజీ కాష్‌ను అక్కడికక్కడే గుప్తీకరించలేదు, ఎందుకంటే అదే పేజీని ఇతరులూ చదువుతుంటారు. అందువల్ల ఫలితాన్ని వేరే చోట రాయాలి, ఆ ఒక్క రాత మిగులుతుంది. గుప్తీకరణ కూడా చేయగల కార్డు ఉంటే దాన్నీ తప్పించవచ్చు, కానీ అప్పుడు మధ్యలో ఫైలు మారితే, మళ్లీ పంపిన ముక్క మొదటిదానితో పొసగక, అవతలివైపు దాన్ని ఎవరో చెరిపినట్టు భావించి తిరస్కరిస్తుంది. నిశ్శబ్దంగా చెడిన డేటా చేరడం కన్నా ఇది నయమే.

ప్రశ్న: పంపడం సరే, స్వీకరించడంలో కాపీని తప్పించలేమా?

జవాబు: ఇది మరింత కష్టం. ప్యాకెట్ ఏ సాకెట్‌కు చెందినదో తెలియకముందే కార్డు దాన్ని మెమరీలో పెట్టేయాలి, ఆ స్థలం మీ బఫర్ అయ్యే అవకాశం ఉండదు. 2018 నాటి లినక్స్ 4.18లో టీసీపీకి వచ్చిన మార్గం వేరు: డేటా చేరిన పేజీలనే మీ ప్రోగ్రామ్ చిరునామాల్లోకి చదవడానికి మాత్రమే వీలుగా మ్యాప్ చేస్తారు, అంటే కాపీ చేయకుండా అవే పేజీలు ప్రోగ్రామ్‌కు కనిపించేలా చేస్తారు. దీనికి కార్డు హెడర్లను (ప్యాకెట్ ముందుండే చిరునామా వంటి వివరాలను) వేరుచేసి పెట్టాలి, డేటా 4096 బైట్ల పూర్తి పేజీలుగా అమరాలి, అంటే ప్యాకెట్ పరిమాణాన్ని కూడా అందుకు తగ్గట్టు ఎంచుకోవాలి. పేజీకి సరిపోని శేషాన్ని ఎప్పటిలాగే మామూలు పిలుపుతో, కాపీ ద్వారానే చదువుకోవాలి.