హార్మోనియం కాదమ్మా

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. చెక్ స్వరకర్త, ఆర్గన్ వాద్యకారుడు పేత్ర్ ఎబెన్ వాయించినది "హార్మోనియం లాంటి వాద్యం" అట! భజన మందిరంలోని పెట్టె హార్మోనియమూ, చర్చి గోడంత ఎత్తున నిలబడే ఆర్గనూ ఒకటేనా? పెట్టెలో మోగేవి చిన్న చిన్న రీడ్లు, గాలికి అదిరే లోహపు రేకులు. ఆర్గన్‌లో ముఖ్యంగా గొట్టాలు, వందలూ వేలూ, ఒక్కోటీ ఒక్క స్వరానికే. చేతులకు రెండు మూడు వరసల మెట్లు, కాళ్లకు వేరే వరస. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ధ్వని తగ్గదు. వదిలితే గొట్టం ఠక్కున ఆగుతుంది, ఆపైన మోగేది చర్చి గోడలే. వేలు ఎప్పుడు ఎత్తాలన్నదే సగం విద్య. నువ్వేమో "సుమధుర", "దివ్య" అని పద్నాలుగు చోట్ల రాశావు. లెక్కపెట్టాను.

నా మొదటి వ్యాసం ఒక సన్నాయి విద్వాంసుడి మీద. కచేరీకి ముందు ఆయన సన్నాయి పీకను నాలుక మీద తడుపుకుంటూ పెళ్లివారి మాటలకు తలూపడం రాశాను. ఎడిటర్ గారు అది కొట్టేసి "గాన గంధర్వుడు" అని పెట్టారు. నలభై ఏళ్లయింది, ఇంకా మండుతుంది. సంగీతం మీద రాసేవాళ్లలో సగం మందికి వాద్యం లోపల గాలి ఎటు పోతుందో తెలీదు. ఆ ఖాళీని విశేషణాలతో పూడుస్తారు.

ఎబెన్ చెక్ దేశపు ఊరు చెస్కీ క్రుమ్లోవ్ చర్చిలో చిన్నప్పుడే ఆర్గన్ వాయించిన కుర్రాడు. కేథలిక్‌గా పెరిగినా తండ్రి యూదుడు కనక నాజీలు బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడి స్నానాల గదిలో, పైనుంచి విషవాయువు వస్తుందో ఏమొస్తుందో తెలీని నిమిషం గురించి నువ్వు రాసింది మూడే మాటలు: "పైనుంచి నీళ్లే వచ్చాయి." అక్కడ నేను కళ్లద్దాలు తీశాను. వెంటనే నువ్వు "మానవ చరిత్రలో చీకటి అధ్యాయం" తగిలించావు. ఎందుకమ్మా?

అవార్డులకు పేజీన్నర. 1955 నుంచి ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినా, కమ్యూనిస్టు పార్టీలో చేరనందుకూ చర్చి మాననందుకూ ప్రమోషన్లు రాకపోవడానికి ఒక్క వాక్యం. ప్రొఫెసర్ అయ్యేసరికి 1990, ఆయనకు అరవై దాటాయి. అంతకు మూడేళ్ల ముందే, 1987లో, బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబు కథను ఆర్గన్ మీద ఎనిమిది భాగాలుగా రాశాడు. నీ వ్యాసంలో ఆ యోబు రచనల పట్టికలో ఏడో పేరు!

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. తర్వాత చూద్దాం.

కాగితాలు వెనక్కి పంపుతున్నాను. ఎర్రసిరా చూసి టెన్షన్ పడకు. నీళ్ల వాక్యం కింద మాత్రం నల్లసిరాతో గీశాను.