ఉద్దానం వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌కు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. "మళ్ళీ కరోనా లాంటిది వస్తే కిడ్నీ రోగులున్న ఊళ్ళో ఏం చేయాలత్తా?" అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం తీసుకున్నాను. ఆ కొబ్బరి తోటల మధ్య ఏఎన్ఎంగా తిరిగి, సూపర్‌వైజర్‌గా దిగిపోయిన దాన్ని కనుక కొంచెం పెత్తనంగానే రాస్తాను, ఓర్చుకో.

రోగం వచ్చి పడ్డాక చేసే ప్రచారం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు వినిపించేది, గుర్తుందా? చేతులు ఎలా కడుక్కోవాలో ముసలమ్మలకు కూడా కంఠతా వచ్చింది. డయాలసిస్ ఒక్క విడత తప్పితే ఏమవుతుందో, లాక్‌డౌన్‌లో బీపీ బిళ్ళలు అయిపోతే ఎవరిని అడగాలో మాత్రం ఆ దగ్గు చెప్పలేదు. దీర్ఘరోగుల విషయంలో మహమ్మారి పనిలో పెద్ద భాగం మామూలు రోజుల్లోనే జరగాలి. షుగరు, బీపీ అదుపులో ఉన్న మనిషి ఏ అంటురోగాన్నైనా కాస్త నిలబడి ఎదుర్కొంటాడు. నువ్వు నెలనెలా బిళ్ళలు ఇస్తూ చెప్పే నాలుగు మాటలే అసలు ప్రచారం.

చేరగానే ఒక నోటుపుస్తకం పెట్టు. ట్యాబులో అన్నీ ఉంటాయి కదా అంటావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఇంటింటికీ ఒక పేజీ చాలు. ఎవరికి ఏ రోగం, ఏ బిళ్ళ ఎంత మోతాదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చివరిసారి ఎంత, డయాలసిస్ వారంలో ఏ రోజుల్లో, ఎవరు వెంట వెళ్తారు, వాళ్ళ ఫోను నంబరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వచ్చినవాళ్ళలో చాలామందికి మొదట్లో ఏ బాధా ఉండదు. కాబట్టి ఆరోగ్యంగా కనిపించేవాళ్ళకు కూడా పరీక్ష చేయించి రాసుకో. మందులు నెలాఖరు దాకా సరిపోతే చాలనుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ బీపీ, షుగరు రోగులకు మూడు నెలల వరకూ మందులు ఆశాల ద్వారానో సబ్‌సెంటర్ల నుంచో అందించవచ్చని చెప్పింది. అలాంటి రోజు వస్తే నీ స్టాకులో ఉంటేనే కదా ఇవ్వగలిగేది! మందులు కావాలని ఇండెంట్ ముందే పెట్టు. ఇన్సులిన్ వాడే ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుకలో కుండ పెట్టి, సీసా తడవకుండా అందులో దాచడం నేర్పు.

డయాలసిస్ సంగతి వేరు. మామూలుగా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. "ఇంట్లోనే ఉండండి" అన్న మాట వీళ్ళకు వర్తించదు. ఒకటి రెండు విడతలు తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. చూసేవాళ్ళు అది కరోనా ఆయాసమనుకుని దూరం జరుగుతారు, డయాలసిస్ కేంద్రంలో కరోనా పరీక్ష రిపోర్టు తెమ్మంటారు, ఆ తిరుగుడులోనే మనిషి చేయిదాటిపోతాడు. అందుకని ఏ కేంద్రంలో పాజిటివ్ వచ్చినవాళ్ళకు విడిగా మిషనో, విడిగా షిఫ్టో ఇస్తారో ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే కనుక్కో. దారిలో పోలీసులు ఆపితే చూపించడానికి డయాలసిస్ కార్డు నకలు ఆటోలో ఉండాలి. ఆ ఆటోలో నలుగురైదుగురు కలిసి వెళ్తారు. దాన్ని బాగా పట్టించుకో. అంటురోగం ఎక్కేదీ అక్కడే, పుకారు ఎక్కేదీ అక్కడే. ఒక మనిషిని తగ్గించి, రెండు పక్కలా పరదాలు ఎత్తించి, అందరికీ మాస్కు కట్టించు.

ఇప్పుడు జ్వరం గురించి. ఇది ఉద్దానం కనుక వివరంగా రాస్తున్నాను. జ్వరమొచ్చిన మనిషికి కొబ్బరి బొండం కొట్టి ఇవ్వడం అక్కడ మర్యాద, ప్రేమ, వైద్యం అన్నీ కలిసిన పని. పెరట్లోనే చెట్టు ఉంటుంది మరి. కానీ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు బొండంలోని పొటాషియం బయటికి పోదు. రక్తంలో పేరుకుని గుండె లయ తప్పించగలదు. అరటిపండు, పళ్ళరసాలు, మోతాదు తెలియకుండా కలిపే ఓఆర్ఎస్ కూడా అంతే. "బొండం ఇవ్వవద్దు" అంటే తల్లులకు కోపం వస్తుంది. ముందు నెలనెలా చెప్పి అలవాటు చేయాలి. ఎంత నీళ్ళు తాగాలో డాక్టరు చెప్పిన లెక్క జ్వరంలోనూ వాళ్ళంతట వాళ్ళు దాటకూడదు. వాంతులు, విరేచనాలు అవుతుంటే మాత్రం వెంటనే నీకు ఫోన్ చేయమను. అప్పుడు నీళ్ళ లెక్కా మారుతుంది, కొన్ని బీపీ బిళ్ళలు, షుగరుకు వేసే మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. అది డాక్టరును అడిగి చెప్పాల్సిన మాట.

రెండోది సెలైను. జ్వరమొస్తే ఒక సీసా ఎక్కించుకుంటేనే వైద్యం జరిగినట్టు మనవాళ్ళకు. మూత్రం సరిగా రాని మనిషికి ఆ సీసా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోసినట్టే. మూడోది ఒళ్ళు నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ బిళ్ళ. మిగిలిన కాస్త కిడ్నీని అవి తినేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఈ సూదులు వేసే ఆర్‌ఎంపీని శత్రువును చేసుకోవద్దు. అర్ధరాత్రి ఊళ్ళోవాళ్ళు తలుపు తట్టేది ఆయన ఇంటికే. ఒక సాయంత్రం వెళ్ళి టీ తాగి, డాక్టరు చెప్పకుండా కిడ్నీ రోగికి నొప్పి సూది, సెలైను, స్టెరాయిడ్ ఈ మూడూ వద్దని నెమ్మదిగా చెప్పు. 2021 వేసవిలో షుగరు అదుపు తప్పినవాళ్ళకు స్టెరాయిడ్లు విచ్చలవిడిగా పడి బ్లాక్ ఫంగస్ ఎంతమంది కళ్ళు తీసిందో ఆయనా చూసే ఉంటాడు. అలాగని కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు రోజూ వేసుకునే స్టెరాయిడ్ బిళ్ళను భయపడి మానేస్తే అది ఇంకో ప్రమాదం. ఈ తేడా ఆయనకూ, ఆ రోగులకూ విడమరిచి చెప్పాలి. కషాయాల మీద నేను యుద్ధం చేయను, కానీ అతిమధురం వేసిన కషాయం రోజూ తాగితే బీపీ పెరుగుతుందని చెప్పడం మరవకు.

జ్వరం కోసమే ఎదురు చూడవద్దు. ముసలివాళ్ళకు, డయాలసిస్ వాళ్ళకు ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా థర్మామీటరు కదలకపోవచ్చు. అన్నం సహించకపోవడం, మంచం దిగలేకపోవడం, తికమకగా మాట్లాడటం, ఎప్పుడూ మామూలుగా ఉండే షుగరు కారణం లేకుండా పెరగడం, ఇవే కబురు. ఆక్సిమీటరు వాడకం మామూలు రోజునే నేర్పు. గోరింటాకు, గోళ్ళరంగు లేని వేలికి పెట్టి, కాసేపు కూర్చున్నాక చూడాలి. కట్టెల పొయ్యి పొగలో బతుకంతా గడిపిన పెద్దావిడకు ఏ రోగం లేని రోజునే 92 ఉండవచ్చు. ఆ అంకె నీ దగ్గర రాసి ఉంటే 94 కంటే తగ్గిందని ఊరంతా పరుగులు పెట్టించవు. 88కి జారితే తాత్సారమూ చేయవు.

వలస వెళ్ళినవాళ్ళ సంగతి కూడా. మీ జిల్లా మత్స్యకారులు 2020లో గుజరాత్ తీరంలో చిక్కుకుని, వేసవిలో బస్సుల్లో తిరిగొచ్చారు. ఊళ్ళు వాళ్ళను అనుమానంగా చూశాయి. అలా చూస్తే దగ్గు దాచుకుంటారు, ఇంట్లో ఉన్న షుగరు తల్లికి అంటిస్తారు. ఒకే గది ఇల్లు అయితే వేరే గది గురించి ఉపన్యాసం ఇవ్వకు. వచ్చినవాడిని వసారాలో పడుకోబెట్టి, గది కిటికీ తెరిపించి, తల్లికి వండిపెట్టే పని ఇంకొకరికి అప్పజెప్పు, అంతే. రెండు వారాలు దాటినా దగ్గు పోకపోతే టీబీ పరీక్ష కూడా చేయించు. కరోనా హడావుడిలో టీబీ దగ్గులు ఎన్నో వెనకబడ్డాయి.

టీకా విషయానికి వస్తే, 2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళతో పాటు నలభై అయిదు దాటిన దీర్ఘరోగులకు కూడా మొదలుపెట్టినప్పుడు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వేయించుకుంటే పోతారన్న పుకారు మన కంటే ముందు ఊళ్ళోకి చేరింది. కరపత్రాలతో అది పోలేదు. అదే ఆటోలో వెళ్ళే ఒకాయన వేయించుకుని మర్నాడు యథాప్రకారం డయాలసిస్‌కు వచ్చి కూర్చుంటే పోయింది. ముందు అలాంటి మనిషిని ఒప్పించు. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి టీకా వేయనివ్వకు, బీపీ పట్టీ కూడా కట్టవద్దు. డయాలసిస్ వాళ్ళకు హెపటైటిస్ బి టీకా పూర్తయిందో లేదో చూడు. ఏటేటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కేంద్రంలోని డాక్టరును అడిగి, కొనుక్కోగలవాళ్ళకు చెప్పు.

ఒకటో తేదీన పింఛన్లు పంచే సచివాలయం పిల్లలతో కలిసి తిరుగు. అందరూ ఇంట్లోనే దొరికే రోజు అదొక్కటే. చేరిన మొదటి వారంలోనే డయాలసిస్ కేంద్రానికి వెళ్ళి టెక్నీషియన్ నంబరు తీసుకో. బీపీ మిషనుకు రెండు జతల బ్యాటరీలు అదనంగా పెట్టుకెళ్ళు, అక్కడి కిరాణా కొట్టులో దొరికేవి వారం కూడా ఆగవు.

ఉంటాను,
మీ అత్త