రేటు తక్కువ వేసినా గవర్నమెంటు టెండర్ వేరేవాళ్లకి పోతే ఎలా సవాలు చేయాలి?

అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండు కవర్ల టెండర్ (ఒకదాంట్లో అర్హత కాగితాలు, అంటే టెక్నికల్; రెండోదాంట్లో రేటు, అంటే ప్రైస్ బిడ్), 5 కోట్ల సివిల్ పని. టెక్నికల్‌లో బిడ్ కెపాసిటీ (ఇంకా ఎంత విలువైన పని చేయగలరన్న లెక్క) చాలదని మిమ్మల్ని పక్కన పెట్టారు. మీరు వేసింది అంచనా విలువ కన్నా 7 శాతం లెస్, పని దక్కినవాళ్లది 2 శాతమే లెస్. దీన్ని కొట్టేయించవచ్చా?

కొట్టేయించవచ్చు, కానీ రేటు తేడా చూపించి కాదు. మీ ప్రైస్ బిడ్ తెరవలేదు కాబట్టి రికార్డు ప్రకారం మీరు ఎల్‌-1 కారు. తెరిచిన కవర్లలో తక్కువ వేసినవాళ్లే ఎల్‌-1. "మాది తక్కువ రేటు, ప్రజాధనం వృథా అవుతోంది" అని మొదలుపెట్టిన అర్జీని ఏ ఆఫీసరూ రెండో పేరా దాకా చదవడు. మిమ్మల్ని తీసేసిన తీరు టెండర్ డాక్యుమెంట్‌లో వాళ్లే రాసుకున్న షరతుకి విరుద్ధమని నిరూపించాలి. కేసంతా అక్కడే ఉంది.

ముందుగా చూడాల్సింది బిడ్ కెపాసిటీ లెక్క. మన ఇంజనీరింగ్ శాఖల్లో ఎక్కువగా వాడేది 2ఏఎన్ మైనస్ బి, అంటే 2 × ఏ × ఎన్ లోంచి బి తీసేయడం. ఏ అంటే గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువ, ఎన్ అంటే ఈ పనికిచ్చిన గడువు ఏళ్లలో, బి అంటే ఆ గడువులో మీరు పూర్తి చేయాల్సిన పాత పనుల విలువ. ఏ 4 కోట్లు, గడువు ఏడాది, బి 2.5 కోట్లు అనుకుందాం. 8లోంచి 2.5 తీస్తే 5.5 కోట్లు, అంటే అర్హత ఉంది. ఆఫీసు వాళ్లు ఇప్పటికే పూర్తయిన కోటి రూపాయల పనిని కూడా బి లెక్కలో కలిపితే 4.5కి పడిపోతుంది, మీరు బయటికి. ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. ఆ పని పూర్తయిన సర్టిఫికెట్ మీరు అప్‌లోడ్ చేసి ఉంటే అది ఏ పేజీలో ఉందో చూపించండి, బలమైన కేసు. అప్‌లోడ్ చేయకుండా ఇప్పుడు పట్టుకెళ్తే మాత్రం గడువు దాటాక కొత్త కాగితం తీసుకోం అంటారు, ఆ మాటను తప్పుపట్టడం కష్టం. ఏ విలువ దగ్గర కూడా ఒకసారి ఆగండి. పాత ఏళ్ల పనులకి టెండర్‌లో చెప్పిన శాతం చొప్పున విలువ పెంచి లెక్కకట్టాలి, అది వేయడం మర్చిపోతుంటారు.

అదే లెక్క గెలిచినవాళ్లకీ వేయండి. చేతిలో ఉన్న పనులు దాచి బి తక్కువ చూపించడం కొత్తేమీ కాదు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వాళ్లకి దక్కిన పాత టెండర్లు వెతికితే కొన్నయినా బయటపడతాయి. మీకొక కొలత, వాళ్లకొక కొలత అని చూపించగలిగితే సగం పని అయినట్టే. బన్సీధర్ కన్‌స్ట్రక్షన్ కేసులో 2024లో సుప్రీంకోర్టు భారత్ కోకింగ్ కోల్ ఇచ్చిన టెండర్‌ను రద్దు చేసిందంటే ప్రధానంగా ఈ రెండు కొలతల వ్యవహారం వల్లే.

ఇక అర్జీ. టెండర్ పిలిచిన అధికారికి, ఆయన పై అధికారికి ఒకే రోజు ఈమెయిల్ పంపండి, కాగితం ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర, నంబరు వేయించుకోండి. రెండు పేజీలు మించకూడదు. ఆరోపణలు వద్దు, "కుమ్మక్కు" అనే మాట అసలు వద్దు. "ఫలానా క్లాజు ప్రకారం పూర్తయిన పనులు బి లెక్కలో చేర్చరాదు. మా బిడ్ 43వ పేజీలో సర్టిఫికెట్ ఉంది. అయినా చేర్చారు. లెక్క సరిచేసి మా ప్రైస్ బిడ్ తెరవండి, అప్పటిదాకా అగ్రిమెంట్ చేసుకోవద్దు" అంటే చాలు. తిరస్కరణకి కారణాలు కూడా రాతపూర్వకంగా అడగండి. కేంద్ర శాఖల టెండర్ అయితే, అడిగిన బిడ్డర్‌కి కారణాలు చెప్పాలని జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017, 173వ రూల్ చెబుతోంది. జెమ్‌లో (కేంద్రం నడిపే ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్) అయితే టెక్నికల్ తిరస్కరణను సవాలు చేయడానికి 48 గంటలే, డాష్‌బోర్డు రోజూ చూసుకోవాలి. ప్రపంచ బ్యాంకు నిధుల పనుల్లో సాధారణంగా 10 పనిదినాల స్టాండ్‌స్టిల్ (అగ్రిమెంట్ చేసుకోకుండా ఆగే గడువు) ఉంటుంది, నోటీసు అందిన 3 పనిదినాల్లోపు డిబ్రీఫింగ్ (మీ బిడ్ ఎందుకు పోయిందో వివరణ) అడగాలి.

ఆర్టీఐ కూడా వేయండి, రుసుము 10 రూపాయలే. టెక్నికల్ మూల్యాంకన షీటు, టెండర్ కమిటీ మినిట్స్, కంపారిటివ్ స్టేట్‌మెంట్ కాపీలు అడగండి. కానీ జవాబుకి 30 రోజులుంటుంది, ఈలోపు అగ్రిమెంట్ అయిపోయి అక్కడ జేసీబీ దిగుతుంది. ఆర్టీఐ జవాబు వచ్చాక కోర్టుకి వెళ్దామని కూర్చుంటే అక్కడే ఓడిపోతారు.

కోర్టు అంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్. దీనికి చట్టం గడువు పెట్టలేదు గానీ, ఆలస్యమే మీకు శత్రువు. అర్జీ ఇచ్చి వారం, పది రోజుల్లో కదలిక లేకపోతే వేసేయాలి. మరీ అత్యవసరమైతే లాయర్ లంచ్ మోషన్ (అదే రోజు మధ్యాహ్నం కేసు వినమనడం) అడుగుతారు. పని దక్కించుకున్న సంస్థను తప్పనిసరిగా ప్రతివాదిగా చేర్చండి, వాళ్లు లేకుండా వాళ్ల కాంట్రాక్టు రద్దు చేయమంటే రిట్ నిలవదు. టాటా సెల్యులార్ తీర్పు 1994 నుంచీ కోర్టు చూసేది నిర్ణయాన్ని కాదు, నిర్ణయం తీసుకున్న పద్ధతిని. జగదీశ్ మండల్ తీర్పు 2006లో రెండు ప్రశ్నలు పెట్టింది: దురుద్దేశమో ఏకపక్షమో ఉందా, ప్రజాప్రయోజనం దెబ్బతింటోందా. పని మొదలయ్యాక స్టే దొరకడం ఇంకా కష్టం. ఎన్.జీ. ప్రాజెక్ట్స్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, ఇలాంటి పనులు ఆపడం కన్నా నష్టపరిహారం వైపు చూడమంది.

కర్ణాటకలో పని అయితే రిట్‌కి ముందు 1999 టెండర్ల పారదర్శకత చట్టం కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకునే దారి ఉంది, అది వదిలేసి వెళ్తే హైకోర్టు తిప్పి పంపవచ్చు.

మీ కేసుకి వర్తించదు గానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. ప్రైస్ బిడ్ తెరిచాక కూడా ఎక్కువ రేటువాళ్లకి పని పోతే వెంటనే అన్యాయం అనుకోకండి. నాణ్యతకి మార్కులుండే క్యూసీబీఎస్ టెండరేమో చూడండి. కేంద్ర కొనుగోళ్లలో ఎంఎస్‌ఈ (సూక్ష్మ, చిన్న సంస్థలు) ప్రాధాన్యం ఉంటే, ఎల్‌-1 కన్నా 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థ ఎల్‌-1 రేటుకి దిగి కొంత భాగం తీసుకోవచ్చు. దేశీయ సరఫరాదారులకి ప్రాధాన్యమిచ్చే మేకిన్ ఇండియా ఆర్డర్‌లో ఆ అంతరం 20 శాతం. రెండింటిలోనూ రేటు ఎల్‌-1కి దిగాల్సిందే. పర్చేజ్ ఆర్డర్ మీద వాళ్ల పాత రేటే ఉంటే అదొక్కటే అలాంటి కేసుకి చాలు.

చివరగా, బిడ్ వాలిడిటీ తేదీ (మీ ఆఫర్ ఎప్పటిదాకా చెల్లుతుందో) చూసుకోండి. దగ్గర పడుతుంటే మీ ఆఫర్ పొడిగిస్తున్నామని లెటర్ ఇచ్చేయండి, లేకపోతే "వీళ్ల బిడ్డే లేదు, ఎందుకు వింటున్నాం" అంటారు. ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టిన డిపాజిట్) వెనక్కి ఇమ్మని మీరుగా అర్జీ పెట్టకండి. వాళ్లంతట వాళ్లు ఖాతాలో వేస్తే, అభ్యంతరం అలాగే ఉందని ఆ రోజే మెయిల్ పెట్టండి.